మోటారు తిప్పేముందు మోగే ఫోను

ఆ రోజు పొద్దున ఆరు దాటింది. ముసురు పట్టింది. నా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. అన్నం డబ్బా విప్పానో లేదో, పంపుహౌసు ఫోను మోగింది.

“తమ్ముడూ, చేతులు బావిలో లేవు కదా?”

“డబ్బాలో ఉన్నాయన్నా.”

“అయితే తిను. ఆగుతా.”

కంప్యూటరాయన అంటే అదీ. ఏడేళ్లలో నేనాయన ముఖం చూసింది నాలుగుసార్లే. గొంతు మాత్రం రోజూ వినేవాణ్ని. పదిహేను కిలోమీటర్ల అవతల తన గదిలో కూర్చుని ఆయన టైపు చేస్తే, ఇక్కడ మా కంప్యూటరు విని ఊరికి నీళ్లు తోడే మోటారు తిప్పేది. దారిలో ఎవడు విన్నా అర్థం కాకుండా ఆ మాటకి తాళం వేసి పంపుతాడట. మోటారు బావిలో నాచు తీయడం నా పని. నేను లోపల ఉండగా అది తిరిగిందంటే, ఇక నన్ను నీళ్లలోనే వెతుక్కోవాలి.

ప్రతి కంప్యూటరుకీ వేలిముద్ర లాంటి అక్షరాల వరస ఒకటుంటుందట. మాదాన్ని నాకోసం పెద్దపెద్దగా రాసి గోడకి అంటించాడు. నేను చదివింది ఐదే అయినా కూడబలుక్కుని చదివేస్తాను.

నేను తినడం అయ్యాక, మా కంప్యూటరు ముద్ర మారిందని తన తెరమీద హెచ్చరిక వచ్చిందన్నాడు. గోడమీది కాగితం చదవమన్నాడు. చదివాను. ఆయన తెరమీది ముద్రతో కలవలేదు. ఆయన వెనక మేనేజరు గొంతు ఫోనులో నాకూ వినిపిస్తోంది.

“ఓనమాలు తర్వాత దిద్దిద్దువు గానీ, అవునని కొట్టవయ్యా. ఊరంతా బిందెలు పట్టుకుని కూర్చుంది.”

“అవతల ఉన్నదెవరో తేలకుండా కొట్టను సార్.”

ఆయన తన ముద్రల పుస్తకం తిరగేస్తే, తెరమీది ముద్ర రెండో పంపుహౌసుదని తేలింది. ముందురోజు లైను బాగుచేసినవాళ్లు రెండు కంప్యూటర్ల అడ్రసులూ తారుమారు చేసిపోయారు. అక్కడ పనిచేసేది మా బావ. నా చేతులు డబ్బాలో ఉన్నాయని నేను చెప్పినప్పుడు బావ అక్కడి బావిలో పీకల్లోతున ఉన్నాడట. సాయంత్రం విషయం చెబితే నవ్వాడు.

“బతికిపోయావురా. మీ అక్క మళ్లీ నీ నెత్తిన పడేది.”



ఆ రోజు నీళ్లు మధ్యాహ్నానికి గానీ పోలేదు. ఆలస్యమంతా కంప్యూటరాయన నెత్తిన రుద్దారని తర్వాత విన్నాను. ఆయన మాత్రం ఇంకో పది రోజులు ఎప్పట్లాగే అడిగాడు, చేతులెక్కడున్నాయని.

పదకొండో రోజు నాచుతట్ట గట్టుమీద పెట్టి పైకెక్కానో లేదో, మోటారు తిరిగింది. ఫోను మోగలేదు. ఆయన ఇక ఆ ఉద్యోగంలో లేడని నాకు అలా తెలిసింది.