పూత మీద పెట్టిన నీళ్లు

మా పక్క చేను రైతును నేను కాకా అని పిలిచేవాణ్ని. కాక నీళ్లు పెట్టే ముందు జానెడు లోతు తవ్వి, మట్టిని పిడికిట్లో బిగించి చూసేవాడు. అది ముద్ద కడితే ఆ రోజు మోటారు జోలికి పోయేవాడు కాదు.

మహారాష్ట్రలోని రాజురా గ్రంథాలయంలో మరాఠీ వ్యవసాయ పుస్తకాలు చదివొచ్చి, అందరికీ చెప్పి మురిసే రోజులు నావి. కాక వేసిన కుసుమ నూనెగింజల చేను పూతకొచ్చింది. ఆ చలికాలం యాసంగిలో ఆయనకున్న పంట అదొక్కటే. పూత మీద నీళ్లిస్తే గింజ బరువెక్కుతుందని చెప్పాను.

కాక పిడికిలి విప్పి చూపించాడు. "నల్లరేగడి, పైకెల్లి పెంట ఎరువు తోలిన. ఇంకా పదునున్నది గద బిడ్డా."

"గింత చదివినోణ్ని చెప్తుంటే వినవేంది కాకా?"

"సరే తియ్, నీ పుస్తకం మాట గూడ ఒకపారి చూద్దాం" అని నవ్వి మోటారు వేశాడు.

పది రోజుల్లో వేర్లు కుళ్లి, సగం చేను పూలతోనే వాడిపోయింది. భయపడి మళ్లీ పుస్తకం తీశాను. నేను చదివింది తేలిక నేలల సంగతి. తడి నిలిచే నల్లరేగడికి ఆ నీళ్లే చేటని తర్వాతి పేజీలో ఉంది. ఆ పేజీ నేను తిప్పనేలేదు.

ఆ సాయంత్రం చాయ్ హోటల్లో ఒకాయన నా ముందే కాకను ఎగతాళి చేశాడు. "ఎవడు చెప్పిండే నీకు, కుసుమకు నీళ్లు పెట్టుమని?"

"ఎవ్వలు చెప్తరు? నేనే ఆత్రపడ్డ" అన్నాడు కాక, నా వైపు చూడకుండా.

కాక చనిపోయేదాకా ఊరు ఆ మాటే నమ్మింది. నేను నమ్మనిచ్చాను.