ఎటు తిరిగినా అదే ముఖం

అద్దాల షాపులో సరుకు తుడిచి నిలబెట్టడం ఆమె పని. ముప్పై నాలుగేళ్లు వచ్చినా మొటిమలు వదల్లేదు. రోజంతా ఎటు తిరిగినా తన ముఖమే ఎదురొచ్చేది.

"మురికి పేరుకుంటే అంతే వదినా, బాగా కడుక్కోవాలి" అని ఆడపడుచు ఒక సలహా పారేసింది. ఇంకేం, అద్దాల మీద జిడ్డు తీసే స్పిరిట్‌నే గుడ్డకు అద్దుకుని పూటకు నాలుగుసార్లు ముఖం రుద్దేసింది. చర్మం కందిపోయి మంటెత్తింది. మొటిమలు మాత్రం రెట్టింపయ్యాయి.

చర్మవ్యాధుల డాక్టరమ్మ సంగతి విని తల పట్టుకుంది. "ఇవి మురికి వల్ల వచ్చేవి కావమ్మా. లోపల ఊరే జిడ్డుతో చర్మంలోని రంధ్రాలు పూడుకుపోయి వస్తాయి. రుద్దేకొద్దీ రేగుతాయి. ఈ మందు రాసుకుని మూడు నెలలు ఓపిక పట్టు. గిల్లకు."

మూడు నెలలట. మూడు రోజులు గడిచేసరికే ప్రతి అద్దం ముందూ ఆగి వెతుక్కోవడం మొదలుపెట్టింది. వేళ్లు ఊరుకుంటేగా. నాలుగో రోజు పొద్దున్నే వచ్చి అద్దాలన్నీ గోడవైపు తిప్పేసింది.

షాపాయన వచ్చి నోరెళ్లబెట్టాడు. "ఏంటమ్మా ఇది? నన్ను వ్యాపారం చేసుకోనివ్వవా?"

"వెనకవైపు నేను తుడుస్తాను సార్, ముందువైపు మీరు చూసుకోండి. మూడు నెలలే."