ద్రాక్షపందిరి మీద దిగిన విమానం

మొన్న ఫాల్గుణమాసపు మధ్యాహ్నం శామీర్‌పేట దిక్కున ఆకాశం నల్లబడి, మా మేడ మీద వడగండ్లు మోగుతున్న వేళ, ఒక చిన్న శిక్షణ విమానం మబ్బుల నడుమ దారి వెదుక్కుంటూ మా తలల మీదుగా పోయింది. అది క్షేమంగానే దిగి ఉంటుంది, మరునాటి పత్రికలో ఏమీ రాలేదు. నేను మాత్రం వరండాలోని కుర్చీ చేతులను రెండింటినీ పట్టుకొని, ఆ చప్పుడు పూర్తిగా అణగారేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

నా యీడువారికి చెప్పనక్కరలేదు, మేడ్చల్ నుండి శామీర్‌పేట దాకా ఒకప్పుడు ఎటు చూచినా ద్రాక్షతోటలే. నిలువెత్తు రాతికడీలు వరుసలు తీరి ఉండేవి. వాటి నెత్తిన వీణాతంత్రుల వలె బిగించిన ఇనుపతీగల మీద ద్రాక్ష అల్లుకొని, క్రింద నిలిచినవారికి పచ్చని కప్పు గల కొలువుకూటం వలెను, పైనుండి చూచేవారికి ఎకరాలకొద్దీ చదునైన పచ్చిక వలెను కనబడేది. ఆ బిగువునంతా మోసేవి నాలుగు మూలలా ఏటవాలుగా పాతిన మూలకడీలు. తీగను ఎన్నడూ నడుమ తెంపరాదు, మూలన వదులు చేసి దించాలి, అన్నది తోటవారి మొదటి పాఠం. అప్పుడే మేడ్చల్ బడిలో తెలుగు పండితుడుగా కుదురుకొని, ప్రబంధపద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పడంలో మునిగితేలుతున్న నేను, మా సొంత తోటలోని ఆ పాఠాన్ని చెవిన పెట్టనే లేదు.

నాయిన మూడేండ్లు కంటికి రెప్పలా సాకిన తోటకు ఆ ఏడు తొలికాపు. నాలుగు రోజులలో కోత అనగా ఒక ఆదివారం గాలి లేచింది. వడగండ్లు ఆకులను చీల్చి గుత్తులను చిదుపుతుంటే నాయిన, మా మేనమామ, నేను మోటారుగదిలో నిలబడి చూస్తున్నాము. ఆ క్షణాన మబ్బును చించుకొని ఒక చిన్న విమానం బయటపడి, తాగినవాడి వలె తూలుతూ, పందిరిని పచ్చిక అనుకొని నేరుగా దాని మీదనే దిగింది. చక్రాలు తీగలలో చిక్కుకోగానే రాతికడీలు ఒకదాని వెంట ఒకటిగా ఫెళఫెళ విరిగాయి. ఒక రెక్క ఊడి గిరగిర తిరుగుతూ పోయి బావిగోడను కూల్చింది. ముక్కు బురదలో దిగబడి, తోక పైకి లేచి, విమానం వణుకుతూ ఆగింది.

నాయిన గడ్డపార అందుకొని పరుగెత్తాడు. "మూడేండ్ల కట్టం మన్నుల గలిపిండు! ఇయ్యాల వీన్ని సంపుత!"

వెనుకనే పరుగెత్తుతున్న మామ అంతటి వానలోనూ ఊరకుండలేదు. "నువ్వేం సంపుతవ్ బావా, వాడు ముందే సగం సచ్చిండు సూడు!"

ఆ మాట నిజమే. పగిలిన అద్దాల నడుమ, ఇంకా మీసాలైనా సరిగా రాని యువకుడు, రెండు కాళ్లు నలిగి, రొమ్ముకు అడ్డంగా మూడు తీగలు, మెడకు అడ్డంగా ఒకటి బిగిసి, కూర్చున్న చోటనే అతుక్కుపోయి ఉన్నాడు. పెట్రోలు చుక్కలు చుక్కలుగా వేడి ఇంజను మీద పడి చుయ్యిమంటున్నది. "భాయ్ సాబ్, జల్దీ..." అన్నాడు. నాయిన చేతిలోని గడ్డపార దిగిపోయింది.

నేను మోటారుగదికి పరుగెత్తి కటింగ్ ప్లేయర్ తెచ్చి, ఎవరినీ అడగకుండా, రొమ్ము మీది ఒక తీగను తెంపాను.

తెగిన కొన కొరడా వలె లేచి నాయిన ఎడమకన్నును చీల్చింది. బరువంతా తక్కిన తీగల మీదికి మళ్లి, మెడ మీది తీగ మరింత బిగిసి, ఆ యువకుని నాలుక బయటికి వచ్చింది. రెండవ తీగ మీదికి పోతున్న నా చేతిని నాయిన మోచేతితో కొట్టాడు.

"తెంపకు బిడ్డా! ఇంగోటి తెంపితే వాని మెడ ఊడొస్తది!" వ్రేళ్ల సందుల నుండి నెత్తురు కారుతుండగా మామ వైపు తిరిగాడు. "మూలలు ఇడువు!"

"పందిరంత గూలుతది బావా! మిగిలిన పంటంత బురదపాలైతది!"

"కానియ్! మనిషి పోతుండు, ఇడువుమంటున్న గదా!"

మామ ఒక మూలకు, ఒక చేత్తో కన్ను మూసుకొని నాయిన మరొక మూలకు పోయి కట్లు విడగొట్టారు. పందిరి మొత్తం నిట్టూర్చినట్లు నేలకు వాలింది. మెడ మీది తీగ జారింది. మేము అతనిని ఈడ్చుకొని ఇరవై గజాలు పోయామో లేదో, వెనుక భగ్గుమన్నది. వడగండ్లు పడుతూనే ఉన్నాయి, ద్రాక్ష కాలుతూనే ఉన్నది.

ఆస్పత్రిలో విచారణాధికారి కన్ను సంగతి అడిగినప్పుడు నాయిన నా వైపు చూడకుండా, "ఇమానం తాకంగనే తీగ తెగి కొట్టింది సార్" అన్నాడు. నేను మంచం ప్రక్కనే నిలిచి ఉన్నాను. మామ గోడవైపు తిరిగాడు.

ఏడాది తరువాత ఆ యువకుడు చంకకర్రల మీద వచ్చి, నాయిన పాదాల మీద తల పెట్టి, తన కంటిచూపు తప్పు వల్ల ఈయన కన్ను పోయిందని హిందీలో వెక్కివెక్కి ఏడ్చాడు. "లే బిడ్డా, ఒకటున్నది గద, గదే సాలు" అని నాయిన అతనికి చాయ్ తాగించి పంపాడు. బస్సుదాకా అతని సంచీ నేనే మోశాను. దారి పొడవునా మాట గొంతుదాకా వచ్చింది. బస్సు కూడా వచ్చింది.

నాయిన మళ్లీ ద్రాక్ష వేయలేదు. ఒంటికంటితోనే చాలాకాలం బ్రతికి, ఆ తీగ మాట ఒక్కనాడూ ఎత్తకుండానే వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆ నేలంతా మేడలే. ఆ ప్రమాదం ఈనాడు జరిగి ఉంటే పదిమంది ఫోనులు ఎత్తిపట్టి, నా చేతిని, చేతిలోని పనిముట్టును లోకమంతటికీ చూపి ఉండేవారు. ఆనాడు ఒక రైతు నోటిమాట చాలింది. మనిషి మాటను మనిషి నమ్మిన కాలం పోయిందని నా యీడువారు వాపోతుంటే నేనూ తల ఊపుతాను గాని, ఆ నమ్మకం నీడన నా తప్పును పరాయి బిడ్డ నెత్తిన పెట్టి బస్సెక్కించిన సంగతి మాత్రం వారికి చెప్పలేదు. అతడు ఉంటే ఇంచుమించు నా వయసువాడే. ఇన్నాళ్లకు ఈ సంగతి వ్రాయగలిగాను. అతనికి తెలుగు చదవడం రాదు.