రెడ్ రివర్ ఎటు పారుతుంది?

మనవరాలి ప్రాజెక్టులో రెండు మార్కులు పోయాయి. అందుకని మేం కెనడాలో మేముండే ఎడ్మంటన్‌లో ఫ్లైట్ ఎక్కి విన్నిపెగ్ వెళ్లాం. నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం!

అన్విత ఆరో క్లాసు. అమెరికాలోని మినసోటా నదుల మీద ప్రాజెక్టు ఇచ్చారు. అక్కడి నదులన్నీ మిసిసిపీలో కలిసి దక్షిణానికే పోతాయని మా ఆయన చెప్పారు, అది రాసేసింది. ముప్పై ఐదేళ్లు కాలవలు తవ్వించిన ఇంజనీరు మాటకి తిరుగేముంది? రెడ్ రివర్ ఉత్తరంగా కెనడాలోకి, విన్నిపెగ్ మీదుగా వస్తుందని టీచరు కొట్టేసింది. అప్పట్నుంచి పిల్ల హోంవర్కు తాతయ్య దగ్గరికి తేవడం మానేసింది. ఈయనకి అన్నం సయించలేదు. "కళ్లారా చూపిస్తా పద" అని మే నెల లాంగ్ వీకెండ్‌కి టికెట్లు బుక్ చేసేశారు.

శనివారం ఏడున్నరకి ఫ్లైటు. పులిహోర కట్టుకున్నాం. పక్క సీట్లో విన్నిపెగ్ ఆవిడ. "నది ఎటు పోతుందో చూడ్డానికా!" అని పడీ పడీ నవ్వింది. "బూట్లు తెచ్చుకున్నారా? ఒడ్డున బురద పట్టుకుంటే వదలదు." మా కాళ్లకి చెప్పులు. దిగేసరికి అక్కడ పదిన్నర. గడియారం గంట ముందుకి తిప్పుకోవడం మరిచిపోకండి.

సిటీ బస్సులో రెడ్ రివర్లో ఇంకో నది కలిసేచోటికి చేరాం. నీళ్లెక్కువని బోట్లు ఆపేశారు, గైడుతో నడక మాత్రం ఉంది. గైడు కారొల్, అక్కడి ఆదివాసుల్లో ఒజిబ్వే తెగ ఆవిడ, నా ఈడుదే. నీళ్లని పలకరించి, వాళ్ల ఆచారం ప్రకారం కానుకగా చిటికెడు పొగాకు వదిలింది. మా ఆయన గోదావరి బ్రిడ్జి మీది అలవాటు కొద్దీ డాలరు బిళ్ల విసిరారు.

"ఇనుముతో నది ఏం చేసుకుంటుందండీ? ఇదివ్వండి" అని కారొల్ ఆయన అరచేతిలోనూ పొగాకు పెట్టింది.

ఒక చేత్తో అది వదిలి, రెండో చేత్తో ఫోన్లో దిక్సూచి పట్టుకున్నారు. పొగాకు తాపీగా ఉత్తరానికి పోయింది. ఆయన ఫోను విదిలించి మళ్లీ చూశారు.

"మినసోటా అంచున, డకోటా తెగవాళ్ల ప్రాంతంలో, రెండు సరస్సులు దగ్గరదగ్గరే ఉన్నాయి" అంది కారొల్. "ఒకదాని నీళ్లు మిసిసిపీకి పోతాయి, ఇంకోదానివి ఇటు మా దగ్గరికొస్తాయి. మా పిన్ని కూడా మినసోటాలోనే ఉంటుంది. బోర్డరు నిన్నమొన్నటిది, మా చుట్టరికం పాతది."

అన్విత చెప్పు కొనతో బురదలో గీతలు గీస్తోంది. ఎగతాళి చేసినా బాగుండేది. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. "నేనే తప్పు చెప్పానమ్మా. మీ టీచరుదే రైటు."

"ఇట్స్ ఓకే, తాతయ్యా" అంది, నేలచూపులు చూస్తూ. తర్వాత వేడి వేడి బానక్ రొట్టె, చేప తిన్నాం. రాత్రి మోటెల్లో చెప్పుల బురద గీకడానికే గంట పట్టింది.

ఆదివారం నాలుగింటికి తిరుగు ఫ్లైటు. కింద మట్టిరంగు నది మెలికలు తిరుగుతోంది. అన్విత కిటికీలోంచి చూస్తూ, "తాతయ్యా, స్ప్రింగ్‌లో ఇది ఎందుకు ఫ్లడ్ అవుతుంది?" అంది. మళ్లీ అడిగింది! ఇంక ఎడ్మంటన్ దాకా లెక్చరే అనుకుని నేను కళ్లు మూసుకున్నా.

"తెలీదమ్మా. నువ్వు చెప్పు."

దక్షిణాన మంచు ముందు కరుగుతుందట, ఉత్తరాన ఇంకా గడ్డకట్టే ఉంటుందట, పాపం నీళ్లకి దారుండదట. పిల్ల చేతులు తిప్పుతూ ఇంగ్లీషులో చెబుతుంటే, ఆయన పేపర్ నాప్కిన్ మీద బొమ్మ గీసుకుంటూ సందేహాలడిగారు.

నలభై రెండేళ్ల కాపురంలో ఆ నోట "తెలీదు" అన్నమాట నేను వినడం అదే మొదలు. విన్నిపెగ్ చూడాల్సిన ఊరే. వెళ్లేవాళ్లు మీ ఆయన్ని మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి.