థర్మామీటర్ కాగితంలో మూడో నెల

మాకు పిల్లలు పుట్టకపోవడానికి నా భార్య ఒంట్లో లెక్క తప్పడమే కారణమని మా బంధువులు ఇన్నేళ్లూ అనుకున్నారు. అసలు కారణం ఏ డాక్టరూ తేల్చలేదు. ఆ మాట మాత్రం నా అబద్ధంలోంచి పుట్టింది.

ఎనభైల మొదట్లో జనగామలో ఉద్యోగం చేసేవాణ్ణి. పెళ్లయి ఆరేళ్లు. దవాఖానలో డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. అండం ఎదగడానికి గోలీలు మింగడం ఒకటి. ఏ మందూ లేకుండా, రోజూ పొద్దున మంచం దిగకముందే థర్మామీటర్ పెట్టుకుని, అండం విడుదలయ్యే రోజులు కనిపెట్టడం రెండోది. తొందరగా తేలిపోతుందని నాకు గోలీలే నయమనిపించింది.

"నా నెల ఎన్నడు తప్పలే. మూడు నెలలు జూద్దాం. గోలీలు యాడికి పోతయి?" అంది నా భార్య.

రోజూ ఒంటి వేడి ఎంతుందో చుక్క పెట్టమని డాక్టరమ్మ గళ్ల కాగితం ఇచ్చి, మధ్యలో ఏ మందు మింగినా లెక్క పాడవుతుందని హెచ్చరించింది.

నాకు ఒకటే విసుగు. పొద్దున్నే నోట్లో ఆ గాజు గొట్టం. ఏమడిగినా చేత్తో ఆగమనేది. రెండు నెలలు కాగితం మీద చుక్కలు సరిగ్గానే నడిచాయి. కడుపు మాత్రం పండలేదు.

మూడో నెలలో, మా సంతానం కోసమే, చిల్పూరు గుట్ట మీద దేవుని కల్యాణం చేయిస్తానని అమ్మ మొక్కుకుంది. పెట్టుకున్న రోజు నా భార్య బయట కూర్చునే రోజుల్లో పడింది.

"చుట్టాలందరికి చెప్పిన బిడ్డా. పీటల మీద గూసునేది నువ్వేనాయె. ఆపే గోలీలుంటయట," అంది అమ్మ.

"డాక్టరమ్మ ఏం మింగొద్దన్నది గదత్తా. జర ఎనుకకు జరుపుతె?"

"దేవునికి నీ కాగితం జూపియ్యాల్నా?"

నా భార్య నా దిక్కు చూసింది. నేను మందుల దుకాణానికి పోయాను.

కల్యాణం బాగా జరిగింది. ఆమె నెల ఎనిమిది రోజులు జరిగిపోయింది. కాగితం మీద చుక్కలు తోవ తప్పాయి.

"ఇదేమిటమ్మా, ఏమైనా మింగావా?" అంది డాక్టరమ్మ.

నా భార్య నోరు తెరిచేలోపే, "ఏం లేదు డాక్టరమ్మా" అన్నాను. తిడుతుందని భయం. ఇక గోలీల దారికి పోతామని లోపల కొంత సంతోషం కూడా.

"అయితే నీ ఒంటి లెక్కను నమ్మలేం," అని ఆమె మందులు రాసింది. ఆ మాటను ఇంటికి మోసుకొచ్చింది నేనే. అమ్మ చుట్టాలకు పంచింది. ఆరు నెలలు ఆ గోలీలతో నా భార్య ఒళ్లంతా సెగలు, కళ్లకు మసకలు. ఫలితం లేదు.

మొన్న చుట్టాల పెళ్లిలో మా చెల్లెలు ఎవరితోనో మళ్లీ అదే మాట అంటుంటే, ఆపే గోలీ తెచ్చింది నేనేనని, డాక్టరమ్మకు అబద్ధం చెప్పానని అందరి ముందూ చెప్పేశాను. ఇంటికొచ్చి నా భార్యకు ఆ సంగతి చెప్పాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.

"చెప్పేదుంటె డాక్టరమ్మ ముందర చెప్పాలె. ఆ దినం నేను నీ పక్కనే గూసున్న గద."