డాక్టరు రాసిన రెండు తొవ్వలు

తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్‌కు బస్సులు ఆగిపోతే కోరుట్ల బస్టాండులో కూర్చున్నాను. మల్యాలలో కల్లు గీస్తానన్న పక్కాయన కాగితం చాపాడు.

"సారూ, బిడ్డకు రక్త క్యాన్సరట. డాక్టరు రెండు తొవ్వలు రాసిండు. జర సదువుండ్రి."

ఒకటి, మందులతోనే చికిత్స. రెండోది, మందులయ్యాక ఆ పిల్లకు తన తమ్ముడి ఎముక మూలుగ ఎక్కించడం. నాది బీకాం, అర్థమైనంత చెప్పాను.

"తాడిచెట్టయితే కింద నిలవడే సూసి చెప్త, కల్లు పారుతదో లేదో. గీ రెండిట్ల ఏది మంచిది సారూ?"

దేనికైనా ఒక జోకు దగ్గరుంచుకునేవాణ్ణి. ఆ రోజు స్టాకు లేదు.

"డాక్టర్నే అడగొచ్చు కదా, అన్నా?"

"అడిగిన. రెండిట్లా భయమున్నది, ఇంట్ల ఆలోచించుకొని రేపు చెప్పుండ్రి అన్నడు. ఇంకోసారి సదువుండ్రి సారూ."

మళ్లీ చదివాను, ఈసారి మెల్లగా. ఆయన చెట్టును చూసినట్టు నా మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు.