ఆమె పెట్టని సంతకం

మొదటిసారి ఆ కాగితాల కట్ట భిలాయిలో, రిసాలిలోని మా ఇంటికి వచ్చినప్పుడు మా ఆవిడ భయపడింది. గోధుమరంగు కవరు, దాని మీద టైపు కొట్టిన నా పేరు, లోపల ఇటుకంత లావున ఏదో ఉంది. "ఏటిది, కోర్టు కాయితాలా? మళ్ళీ ఎవలితో తగువెట్టుకున్నారు?" అని అడిగింది. ఆవిడ అనుమానంలో తప్పేమీ లేదు. రిటైరయ్యాక నేను శ్రద్ధగా చేసిన పని ఒకటే, ఫిర్యాదు ఉత్తరాలు రాయడం. వీధి దీపం దగ్గర మొదలుపెట్టి పత్రికల్లో వచ్చే అబద్ధాల దాకా దేన్నీ వదిలేవాణ్ణి కాను.

అలాంటి ఉత్తరమే నన్ను ఎథిక్స్ కమిటీలోకి లాగింది. ఊరికి ఆ చివర ఒక విద్యాసంస్థ ఉంది. వైద్యం, ఇంజనీరింగు, సమాజశాస్త్రం అన్నీ ఒకే ఆవరణలో నేర్పుతారు. అక్కడ మనుషులతో ముడిపడిన ఏ పరిశోధన చేయాలన్నా ముందు ఈ కమిటీ ఒప్పుకోవాలి. డాక్టర్లు, ప్రొఫెసర్లు, ఒక లాయరమ్మ, వీళ్ళతో పాటు ఏ డిగ్రీ లేని మామూలు మనిషి ఒకడు అందులో ఉండి తీరాలని నియమం. కంటి ఆపరేషనుకు ముందు రోగుల చేత సంతకం పెట్టించుకునే కాగితం బ్రహ్మదేవుడికైనా అర్థం కాదని నేను రాసిన ఉత్తరం, కమిటీ అధ్యక్షుడైన పెద్ద డాక్టరు చేతిలో పడింది. ఆయన కబురు పెట్టి, "మీకు పనేమీ ఉండదు. కాగితం అర్థం కాకపోతే కాలేదని చెప్పండి, చాలు" అన్నాడు. అంతకంటే నాకు తగిన ఉద్యోగం ఈ భూమ్మీద లేదు.

నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి, మా నాన్న వెనకాల శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి వచ్చినవాణ్ణి. ఇంగ్లీషు నేర్చుకున్నది సెక్టర్ 7లో ఒక రీడింగు రూములో. డ్యూటీ దిగాక పాత పత్రికలూ, అట్ట ఊడిన డిక్షనరీ ముందేసుకుని కూర్చునేవాణ్ణి. 'చదువుకున్నవాళ్ళు' అని ఎవరైనా ఎవర్నైనా చూపించి చెబితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. నేను చదువుకోలేదా? నాకెవరూ పరీక్ష పెట్టలేదు, అంతే.

పరిశోధన అంటే తెల్లకోటూ గాజు గొట్టమూ అనే నా ఊహ కమిటీ పంపిన ఆ కట్ట విప్పిన పూటే చెదిరిపోయింది. క్రేన్లు నడిపేవాళ్ళ నడుం నొప్పి మీద ఒకరు పనిచేస్తున్నారు. రేకుల కప్పు కింద మే నెల మధ్యాహ్నం గది ఎంత కాగుతుందో, సున్నం వేస్తే ఎంత తగ్గుతుందో ఒకరు కొలుస్తారట. సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్న పిల్లలకు బడి ఎన్నాళ్ళు పోతోందో ఒకరికి కావాలి. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్లలు అమ్మమ్మతో ఏ భాషలో పోట్లాడతారో తెలుసుకోవాలని ఇంకొకరికి. ఆ చివరిది చదివి నేను గట్టిగా నవ్వాను. కాసేపటికి మా మనవరాలు నాతో హిందీలోనే అలుగుతుందని గుర్తొచ్చి నవ్వు ఆగింది. ఒకరు లెక్కపెడతారు, ఒకరు వింటారు, ఒకరు కాల్చి విరిచి చూస్తారు. పద్ధతులు వేరే గానీ, ప్రతి కాగితం వెనకా నిద్రపట్టని కుర్రదో కుర్రాడో ఉన్నట్టు మెల్లగా తెలిసింది. గైడు సంతకం కోసం వాళ్ళు వరండాల్లో నిలబడే తీరు, మేం కాంట్రాక్టరు గది ముందు నిలబడ్డ తీరుకు ఏమీ తీసిపోదు.

మొదటి సమావేశంలోనే గొడవపడ్డాను. సగంమంది రోగులకు అసలు మందు, సగంమందికి ఉత్త గోళీ ఇస్తామని ఒక డాక్టరు రాశాడు. ఇది పచ్చి మోసం అని లేచాను. పెద్ద డాక్టరు కోప్పడలేదు. ఆ మందు పనిచేస్తుందో లేదో తమకే తెలియదనీ, తెలిసి దాచిపెడితే అది మోసమనీ, తెలియదన్న సంగతే రోగికి ముందుగా చెబుతున్నామనీ టీ చల్లారిపోయేదాకా వివరించాడు. ఇంటికొచ్చేదాకా ఆలోచించాను. ఆయనదే సబబు. మరుసటి సమావేశంలో ఆ మాట నలుగురిలో చెప్పాను. ఇక నాకు మిగిలిన కోపాలు రెండు. మనిషిని పట్టుకుని 'నమూనా' అని రాయడం ఒకటి. వచ్చి అన్నీ అడిగి రాసుకుపోయినవాళ్ళు, ఏం తేలిందో చెప్పడానికి మళ్ళీ ఆ గుమ్మం తొక్కకపోవడం రెండోది. మా సందులోకి అలా ఎందరొచ్చారో, ఎందరు పోయారో.

ఇలా ఉండగా ఆ అమ్మాయి కాగితం వచ్చింది.

పక్కనే ఉన్న దుర్గ్‌లో షామియానాలు అద్దెకిచ్చే టెంటు హౌసు నడుపుకునే తెలుగాయన కూతురు. స్టీలు ప్లాంటు బయట వెలిసిన చిన్న చిన్న ప్రైవేటు ఫౌండ్రీల్లో ఇసుకతో అచ్చులు చేసే మగవాళ్ళ ఊపిరితిత్తుల గురించి ఇదివరకే చాలామంది రాశారు. ఇళ్ళలో వాళ్ళ బట్టలు ఉతికిన ఆడవాళ్ళను ఎవరూ అడగలేదు. ఆ బట్టలు నీళ్ళలో వేసే ముందు పెరట్లో బాగా దులపాలి, లేకపోతే ఆ ఇసుక గుడ్డను కొరికేస్తుంది. ఏళ్ళ తరబడి దులిపారు కదా, ఆ దుమ్మంతా ఎవరి ముక్కులోకి పోయిందని అమ్మాయి ప్రశ్న. దానికి ఆమెకు ముగ్గురు గైడ్లు. సమాజశాస్త్రం మేడమ్‌కు ఆడవాళ్ళ మాటలు కావాలి, ఛాతీ డాక్టరుకు గొట్టంలోకి ఊదించిన ఊపిరి కావాలి, లోహాలూ దుమ్మూ చూసే ఇంజనీరింగు ప్రొఫెసరుకు పాత డ్యూటీ బట్టల మడతల్లో మిగిలిన చిటికెడు ఇసుక కావాలి. ముగ్గురికీ మూడు భవనాలు. ఈమె స్కూటీ మీద ఎండలో ఒకదాని నుంచి ఒకదానికి తిరుగుతూ ఉండేది. ఎవరి దగ్గరికి వెళ్ళినా నువ్వు పక్క డిపార్టుమెంటు పిల్లవు కదా అనేవారట.

కమిటీ ఒప్పుకుంది. సమ్మతి కాగితంలోని తెలుగును నేనే దగ్గరుండి తెలుగు చేశాను. అయినా పని అక్కడే ఆగింది.

మా వెనక సందులో ఫౌండ్రీ వాళ్ళ కుటుంబాలు కొన్ని ఉన్నాయి. అందరిలోకీ పెద్దావిడ ఒకామె ఉంది. వాళ్ళాయన, నేను ఒకే రైలుబండిలో ఈ ఊరు దిగినవాళ్ళం. ఆయన పోయి చాలాకాలమైంది. నేను వదినా అంటాను, ఆవిడ నన్ను బాబూ అంటుంది. ఆ సందులో తెలుగు ఆడవాళ్ళు ఏ పని చేయాలన్నా ముందు ఆవిడ ఏం చేసిందో చూస్తారు. అమ్మాయి నేరుగా ఆవిడ ఇంటికే వెళ్ళింది. ఆవిడ జంతికలు పెట్టింది, టీ ఇచ్చింది, డ్యూటీ బట్టల కథంతా చెప్పింది. గొట్టం చూసి ఇప్పుడే ఊదేస్తానంది. అమ్మాయి నియమం ప్రకారం కాగితాలన్నీ చదివి వినిపించి, చివరి పేజీ తిప్పి, మిగతావి వెనక్కి మడిచి, ఖాళీ గీత మీద వేలు పెట్టి, ఇక్కడ సైన్ చెయ్యండి అంది. వదిన కుర్చీలో వెనక్కి జరిగింది.

"ఈ ఏలు నానెరుగుదును తల్లీ. మా మరిది ఇలాగే మడతెట్టి, కింద జాగా సూపించాడు. నాను సంతకం ఎట్టను."

ఆ సంగతి నాకు తెలుసు. భర్త పోయిన కొత్తలో, ఆయన తమ్ముడు ఊరి నుంచి వచ్చి, ఏవో పింఛను కాగితాలని చెప్పి సంతకం చేయించుకున్నాడు. ఊళ్ళో ఆమెకు రావలసిన ఇంటి స్థలం అలా పోయింది. వదిన అయిదో తరగతి దాకా చదివింది, తెలుగు కూడబలుక్కుని చదవగలదు. కానీ చదవడానికి ఆ రోజు కాగితంలో ఏమీ కనబడలేదు, సంతకానికి జాగా తప్ప.

సంతకం లేకపోతే ఆమె చెప్పినదేదీ లెక్కలోకి రాదు. వదిన పెట్టలేదని తెలిసి సందులో మిగతావాళ్ళూ తలుపులు దగ్గరగా వేసుకున్నారు. తెలుగువాళ్ళను వదిలేసి మిగతావాళ్ళతో థీసిస్ కానిచ్చెయ్యి, గడువు దగ్గరపడుతోంది అన్నారు గైడ్లు. అమ్మాయి మా ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడింది.

"తాతగారూ, ఆవిడ నాకు అన్నీ చెప్పారు. సిర్ఫ్ సైన్ చెయ్యట్లేదు. వీళ్ళని వదిలేస్తే నేనీ టాపిక్ ఎందుకు తీసుకున్నట్టు? మా నానమ్మ కూడా అలాగే బట్టలు దులిపేది."

మా ఆవిడ ఆమెకు మజ్జిగ ఇచ్చి, "ఏడవకే గుంటా, ఈయనున్నారు కదా, ఎవలితోనైనా తగువేసుకుంటారు" అంది.

తగువు వేసుకోవడానికే కమిటీ సమావేశానికి వెళ్ళాను. సంతకం అడగడం అవమానం, మాట చెప్పిన మనిషిని నమ్మకపోవడం అని మొదలుపెట్టి, వదిన స్థలం పోయిన సంగతి చెప్పి, నా కోపమంతా ఆ గదిలో కక్కాను. పెద్ద డాక్టరు చివరిదాకా విన్నాడు. ఆ తర్వాత, ఆ సంతకం ఎందుకు పుట్టిందో చెప్పాడు. వెనకటికి డాక్టర్లే రోగులకు చెప్పకుండా వాళ్ళ శరీరాల మీద ఏవేవో చేసి చూశారట. ఇకమీదట అలా జరగకూడదని, ఇలాంటి ఆడవాళ్ళను కాపాడటానికే ఈ గీత గీశారట. చెబుతూ చెబుతూ ఆయన ముందున్న సమ్మతి కాగితం ఆఖరి పేజీ తిప్పి చూశాడు. కాపాడాలని పెట్టిన గీతా, ఆమెను దోచుకున్న గీతా చూడటానికి ఒకేలా ఉన్నాయని ఆయనకూ అప్పుడే తట్టినట్టుంది.

లాయరమ్మ నియమాల పుస్తకం తిరగేసింది. ప్రమాదం పెద్దగా లేని పరిశోధనల్లో నోటిమాట సమ్మతి చాలునట. పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలి. ఆ సాక్షీ, పరిశోధకురాలూ సంతకం పెట్టాలి. ఛాతీ డాక్టరు ఊపిరి పరీక్ష దగ్గర కొంచెం నసిగాడు గానీ, సూది లేదు, మందు లేదు, ఊదడమే కదా అని ఒప్పుకున్నాడు. నేనే సాక్షిగా ఉంటానన్నాను. కమిటీ మనిషి సాక్షి కాకూడదన్నారు. కావాలంటే వెళ్ళి కూర్చోవచ్చు, నోరు మాత్రం మెదపకూడదు అన్నాడు పెద్ద డాక్టరు. అందరూ నావైపు చూసి నవ్వారు.

ఆ మధ్యాహ్నం వదిన ఇంట్లో నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో నాకే తెలుసు. సాక్షిగా పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ వచ్చింది. వదిన ఆమెను దీదీ అని పిలుస్తుంది. కొళాయి దగ్గర ఇద్దరికీ రోజూ మాటామాటా వస్తుంది, అయినా పిలిపించమని వదినే అంది. అమ్మాయి ఈసారి కాగితాలు మడవలేదు. చదివింది, హిందీలో దీదీకి చెప్పింది, సంతకం అక్కర్లేదు, మీరు ఊఁ అంటే చాలు అంది.

వదిన ఊఁ అనలేదు.

"దీదీ ఎడతాది, నువ్వెడతావు. ఆ కాయితాలు మీ ఆఫీసులో దాచుకుంటారు. మరి నా సేతిలో ఏటుంటాది?"

అమ్మాయి నావైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

"నాను సెప్తాను, నువ్వు రాయి" అంది వదిన. "తెలుగులో రాయి, నాను సదువుకోవాలి. నా పేరు ఎవలికీ సెప్పవు. నా రొమ్ములో ఊపిరి ఎలాగున్నాదో తెలిస్తే మీ డాక్టర్లు కాయితాల్లో ఎక్కించక ముందు నాకు సెప్తావు. నువ్వే వచ్చి సెప్తావు, ఫోనుల్లో కాదు."

అమ్మాయి తెలుగు కూడబలుక్కుని చదవగలదు గానీ రాయడం సరిగా రాదు. ఇంట్లో నానమ్మ దగ్గర నేర్చుకున్న నాలుగు అక్షరాలు, మిగతాదంతా హిందీ బడి చదువు. ఒక్కో అక్షరం అడిగి రాసింది. వదిన చెప్పింది, వంకర పోయినచోట మళ్ళీ రాయించింది. దీదీ మధ్యలో లేచి స్టవ్ మీద తన అన్నం చూసుకుని వచ్చింది. పూర్తయ్యాక అమ్మాయి కింద తన సంతకం చేసి ఇచ్చింది. వదిన పై నుంచి కింది దాకా పెదాలు కదుపుతూ చదువుకుని, మడిచి తన దగ్గర పెట్టుకుని, అప్పుడు అంది, "ఊఁ. ఏటడుగుతావో అడుగు."

ఇలాంటి కాగితానికి నియమాల్లో చోటుందా లేదా అని కమిటీలో కొంత చర్చ జరిగింది. సాక్షి సంతకం ఉంది, అది చాలు, పరిశోధకురాలు అదనంగా మాట ఇస్తే మనకు నష్టమేమిటి అంది లాయరమ్మ. నెల తిరక్కుండా సందులో మిగతా ఆడవాళ్ళందరూ తమకూ అలాంటి కాగితం రాయించుకున్నారు. ఒక్కొక్కరిదీ ఒక్కో షరతు. తన కోడలికి మాత్రం చెప్పొద్దని ఒకావిడ. వచ్చేటప్పుడు చెప్పులు బయట విప్పి రావాలని ఇంకొకావిడ. అమ్మాయి అన్నిటికీ ఒప్పుకుని రాసి ఇచ్చింది. ఈ గొడవలో ఆమె తెలుగు రాత బాగుపడింది.

వానలు మొదలయ్యాక ఫలితాలు వచ్చాయి. అమ్మాయి తడిసిన రెయిన్‌కోటుతో ముందు మా ఇంటికే వచ్చింది. ఏ ఇంటి ఫలితం ఏమిటో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. మొహం చూస్తే వదిన సంగతి తెలిసిపోయింది. ఒక్కదాన్నీ వెళ్ళలేను, మీరు కూడా రండి అంది. రానన్నాను. మాట ఇచ్చింది నువ్వు, నేను కాదు అన్నాను. నా గొంతు కాస్త కటువుగానే ఉండి ఉంటుంది. ఆమె తలూపి వెళ్ళింది. మా ఆవిడ నా వంక కొరకొరా చూసింది.

ఆ తర్వాత జరిగింది వదినే చెప్పింది. అమ్మాయి ఎదురుగా కూర్చుని, ఊపిరి ఉండవలసినంత లేదనీ, దుమ్ము వల్లే అని తాను తేల్చి చెప్పలేననీ, ఛాతీ డాక్టరుకు ఒకసారి చూపించుకోవాలనీ, తానే తీసుకువెళ్తాననీ చెప్పిందట. తీసుకువెళ్ళింది కూడా. ఇప్పుడు వదిన పొద్దునా సాయంత్రం మందు పీలుస్తుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది, అదేమీ మాయమైపోలేదు.

"కబురు సెప్పినాక నాను అడిగినాను బాబూ" అంది వదిన. "సందులో ఇంకెవలికైనా ఇలాగే ఉన్నాదా అని. సెప్పలేనమ్మమ్మా, ఆలకీ మాటిచ్చేసినాను అంది. ఎంత బతిమాలినా సెప్పలేదు."

"కోపం వచ్చిందా వదినా?"

"కోపమెందుకు? అంటే నా సంగతీ ఆలకి సెప్పదన్నమాటే కదా" అంది వదిన.